బ్రాకెట్ పడగానే ప్రధాన సంఖ్య అనుకోకండి: క్యాసియో 991తో కారణాంకాలు

విశాఖలో ద్వారకా నగర్‌లోనో డాబా గార్డెన్స్‌లోనో కాలిక్యులేటర్ కొనేవాళ్లు సోలార్ పనిచేస్తోందా, మీటలు గట్టిగా ఉన్నాయా అని చూస్తారు. నంబర్ థియరీ కోసం కొంటుంటే కౌంటర్ దగ్గరే 4294967297 కొట్టి చూడండి. ఇది 2³²+1, అంటే 2^(2ⁿ)+1 రూపంలో ఉండే ఫెర్మా సంఖ్యల్లో n=5 అయినది. ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా దీన్ని ప్రధాన సంఖ్యే అనుకున్నాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ 641తో దాన్ని విరగ్గొట్టాడు.

991 ఈఎక్స్ మోడల్‌లో కారణాంకాలు కావాలంటే ముందు = నొక్కాలి. ఆ తర్వాతే షిఫ్ట్, డిగ్రీ-నిమిషం మీట (ఫ్యాక్ట్ అంటే ఇదే). సీడబ్ల్యూ మోడల్‌లో అయితే ఫార్మాట్ మీట నొక్కి ప్రైమ్ ఫ్యాక్టర్ ఎంచుకోవాలి. ఈ మెనూల తిరుగుడు కన్నా పాత పద్ధతే నయం.

జవాబు 641×(6700417) అని వస్తుంది. ఆ బ్రాకెట్ దగ్గరే చాలామంది బోల్తా పడతారు. మెషిన్ మూడంకెల ప్రధాన సంఖ్యల దాకానే భాగించి చూస్తుంది. మిగిలింది 1018081 (1009 వర్గం) కన్నా తక్కువైతే అది ప్రధాన సంఖ్యేనని తేలిపోతుంది. అంతకు తగ్గకపోతే బ్రాకెట్లో పెట్టి చేతులెత్తేస్తుంది. 4104676 ఇచ్చి చూడండి, 2²×(1026169) అంటుంది. కానీ 1026169 అంటే 1013². అందుకే బ్రాకెట్ కనబడగానే మొదట వర్గమూలం తీయండి.

6700417 వర్గమూలం 2588.5 దగ్గర. అంటే 1009 నుంచి 2588 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ చూడాలి. అయితే ఈ ఫెర్మా సంఖ్య ప్రధాన కారణాంకాలన్నీ 128k+1 రూపంలోనే ఉంటాయి. ఆ మధ్యలో అలాంటి ప్రధాన సంఖ్యలు రెండే: 1153, 1409. శేషాలు 334, 622. కాబట్టి 6700417 ప్రధాన సంఖ్యే. రెండు భాగహారాలతో పని తీరిపోయింది.

ప్రతి సంఖ్యకీ ఇలాంటి అడ్డదారి దొరకదు. పదంకెల సంఖ్య మొత్తం బ్రాకెట్లో పడితే 99999 దాకా వెళ్లాలి, అంటే ఇంకా 9424 ప్రధాన సంఖ్యలు. పోనీ ఫెర్మా పరీక్ష (ఘాతాల శేషాలు చూసి ప్రధాన సంఖ్య అవునో కాదో అంచనా వేసేది) చేద్దామంటే, వర్గం చేసిన ప్రతిసారీ ఇరవై అంకెల దాకా పోతుంది. లోపల అంత చోటు లేక చివరి అంకెలు ఎగిరిపోతాయి, శేషం తప్పుతుంది. ఏడంకెల లోపైతే పర్లేదు.

పదకొండో అంకె వచ్చిందంటే ఫ్యాక్ట్ మీట దండగే. 2⁶⁷−1 ఇస్తే 1.475739526×10²⁰ అని చూపి ఊరుకుంటుంది. దీనికి ఉచితంగా దొరికే పారి/జీపీ అనే గణిత సాఫ్ట్‌వేర్ ఫోన్‌లో వేసుకోండి. 193707721×761838257287 అని చిటికెలో ఇస్తుంది. 1903లో అమెరికా గణితవేత్త కోల్ బోర్డు మీద రాసి చూపిన కారణాంకాలే ఇవి. పరీక్ష హాల్లోకి ఫోన్ రానివ్వరు కాబట్టి క్యాసియో కొనక తప్పదు. నా ఓటు ఈఎక్స్‌కే, ఐదుకి మూడున్నర.