దడ వచ్చినప్పుడే పట్టుకునే ఈసీజీ: కార్డియా మొబైల్

నా గుండె దడ మహా గడుసుది. రాత్రి భోజనాలయ్యాక వంటిల్లు సర్దుతుంటే మొదలవుతుంది, ఆటో మాట్లాడుకుని ఆసుపత్రికి చేరేసరికి మాయమవుతుంది. అక్కడ తీసే ఈసీజీ నిక్షేపంగా ఉంటుంది. ఒంటికి తీగలు అంటించి రోజంతా ఉంచే హోల్టర్ పరీక్షనాడైతే అసలు రానేలేదు. ఆ సంగతి విని, డల్లాస్ నుంచి వచ్చినప్పుడు మా అమ్మాయి అలైవ్‌కోర్ వాళ్ల కార్డియా మొబైల్ అనే, ఫోనుతో ఈసీజీ తీసే చిన్న పరికరం తెచ్చింది. అక్కడ ధర 79 డాలర్లట. డాక్టర్ డేవిడ్ ఆల్బర్ట్ మొదలుపెట్టిన ఈ కాలిఫోర్నియా కంపెనీకి ఫోను ఈసీజీ అమ్ముకునేందుకు 2012లోనే అమెరికాలో మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది.

చూడటానికి రెండు లోహపు బిళ్లలున్న సన్నని పలక, అంతే. స్విచ్చి లేదు, ఛార్జింగు లేదు. లోపల గుండ్రటి చిన్న బ్యాటరీ ఉంటుంది. బ్లూటూత్ కూడా లేదు! గుండె నుంచి వచ్చే విద్యుత్ సంకేతాన్ని మన చెవికి అందని శబ్దంగా మార్చి పంపితే, ఫోను మైకు దాన్ని వింటుంది. యాప్ మైక్రోఫోన్ అనుమతి అడిగేది అందుకే. పలకను మైకుకు దగ్గరగా పెట్టి, రెండు చేతుల వేళ్లూ ఆనించి 30 సెకన్లు కదలకుండా కూర్చోవాలి. చేతులు బల్ల మీద ఆనాలి, లేకపోతే కండరాల వణుకంతా గీతలోకి ఎక్కుతుంది. వేళ్లు పొడిబారి ఉంటే కాస్త తడి చేసుకోవాలి. పక్కన నిలబడి "వచ్చిందా, వచ్చిందా" అనే మా వారిని మాత్రం ముందే అవతలికి పంపించాలి.

ఫలితం నార్మల్ అనో, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం) ఉండవచ్చనో, వేగం ఎక్కువనో తక్కువనో చెబుతుంది. ఆ లెక్కల్లో ఇమడని గీతకు 'అన్‌క్లాసిఫైడ్' అంటుంది. దడ వచ్చిన రాత్రి నాకు వచ్చింది అదే. ఆ గీత ప్రింటు తీసి పట్టుకెళితే డాక్టరుగారు పెన్నుతో రెండుచోట్ల సున్నా చుట్టి, "ఇదిగోనమ్మా, ఇక్కడ ఒక బీటు ముందే పడింది. ఎక్టోపిక్ బీట్లు. మీకు కంగారు పడాల్సిందేమీ లేదు, కాఫీ తగ్గించండి" అన్నారు. యాప్ తీర్పు ఎలా ఉన్నా, నాకు కావలసింది ఆయన ముందు పెట్టడానికి ఆ కాగితం.

ఇది గుండెపోటును పట్టదు, ఆ మాట కంపెనీయే చెబుతుంది. ఆసుపత్రి ఈసీజీ 12 లీడ్లది, అంటే గుండెను 12 కోణాల నుంచి చూస్తుంది; ఇది ఒక్క లీడుది. ఛాతీ నొప్పి వస్తే దీన్ని వెతుక్కుంటూ కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు. ఇదే కంపెనీ నుంచి 2019లో వచ్చిన 6ఎల్ అనే మోడల్ ఆరు లీడ్లు చూపిస్తుంది కానీ, దాని అడుగు బిళ్ల ఎడమ మోకాలికో చీలమండకో చర్మానికి తగలాలి. చీర కట్టుకునేవాళ్లకు చీలమండే నయం.

దడ వచ్చిపోతూ, పరీక్షకు చిక్కనివాళ్లు కొనుక్కోవచ్చు. ఏ ఇబ్బందీ లేనివాళ్లకు అనవసరం. నెలనెలా చందా కట్టే సేవలు కూడా ఉన్నాయి, నాకు వాటితో పని పడలేదు.