కారు తెరపై మైలేజీ చూసి బేరం కుదుర్చుకోకండి

సెకండ్ హ్యాండ్ కారు చూడటానికి వెళ్తే అమ్మేవారు తాళం తిప్పి, మీటరు మధ్యలో వెలిగే సగటు మైలేజీని చూపిస్తారు. "నా మాట ఎందుకండీ, కారే చెబుతోంది కదా" అంటారు. నాకు అలా చూపించిన అంకె 20.4. కారు ఇంటికొచ్చాక ట్యాంకు నింపి, ట్రిప్ మీటరు సున్నా చేసి, 546 కిలోమీటర్లు తిరిగి మళ్లీ నింపితే సరిగ్గా 30 లీటర్లు పట్టింది. అంటే లీటరుకు 18.2. తెర మాత్రం నిబ్బరంగా 20.3 అంటోంది! తర్వాత నింపినప్పుడూ ఇదే తంతు.

అడిగితే సర్వీసు సెంటరులో "అన్ని కార్లూ అంతే" అన్నారు. ఆ మాట కొన్నప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

చాలా కార్లలో పెట్రోలును నేరుగా కొలిచే మీటరు ఉండదు. ఇంజిన్‌లోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో చూసి, ఇంత ఇంధనం పోయి ఉంటుందని కంప్యూటరు లెక్కగడుతుంది. ఆ లెక్కలో చిన్న తేడా ఉన్నా ప్రతి కిలోమీటరులోనూ అదే తేడా పేరుకుంటుంది. పైగా ఆ తేడా ఎక్కువగా కారును మెచ్చుకునే వైపే ఉండటం గమనించండి. ఐరోపా సమాఖ్యలో 2021 నుంచి కొత్త కార్లు ఇంధన వినియోగాన్ని నమోదు చేయాలన్న నిబంధన ఉంది. ఆ లెక్కకు కూడా 5 శాతం తేడా వరకు మినహాయింపు ఇచ్చారు.

ఇది యంత్రం సంగతి. మనుషుల సంగతి వేరు. సగటు మైలేజీని సున్నా చేయడానికి ఒక బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే చాలు. ఆ తర్వాత ఏసీ ఆపి, ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో నిదానంగా ఒక చుట్టు తిప్పుకొస్తే ఎంత తిండిపోతు బండి అయినా సాధువులా కనిపిస్తుంది. కాబట్టి ఆ సగటు ఎన్ని కిలోమీటర్లది అని ముందు అడగండి. పక్కనే ట్రిప్ దూరం 40 కిలోమీటర్లని ఉంటే ఆ మైలేజీకి విలువ లేనట్టే.

అమ్మేవారి దగ్గర పెట్రోలు బిల్లులు, ఓడోమీటరు రీడింగులు ఉంటే అంతకన్నా మంచి ఆధారం లేదు. లేకపోతే తెర మీది అంకెలో పదో వంతు కోసేసి బేరం మొదలుపెట్టండి. కొన్నాక మీరే లెక్క తీయాలనుకుంటే ఒక్క ట్యాంకుతో తేల్చకండి, బంకులో పెట్రోలు పోసే నాజిల్ ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంది. నాలుగైదు సార్లు నింపిన లీటర్లన్నీ కలిపి, మొత్తం దూరాన్ని దానితో భాగించండి. విడివిడి మైలేజీల సగటు తీస్తే తప్పొస్తుంది: 100 కిలోమీటర్లు 10 చొప్పున, మరో 100 కిలోమీటర్లు 20 చొప్పున నడిస్తే సగటు 15 కాదు, 13.3. టైర్లు బాగా అరిగితే ఓడోమీటరు కూడా రెండు శాతం దాకా ఎక్కువ చూపవచ్చు.

కొన్ని మోడళ్లలో ఈ తేడాను సర్వీసు వారి స్కానరుతో సవరించే వీలుంటుంది, అడిగి చూడండి. అప్పటిదాకా తెర మైలేజీని నమ్మి దూర ప్రయాణం లెక్కలు వేసుకోకండి. 35 లీటర్ల ట్యాంకుకు నా తెర లెక్కన 714 కిలోమీటర్లు రావాలి. నిజానికి వచ్చేది 637.