రెజిన్ టెంపో కొనేవాళ్లూ, ముందు ఫిల్ట్రేట్ రంగు చూడండి

బ్లీచ్‌తో ఆల్కహాల్‌ని ఆల్డిహైడ్ చేయడానికి టెంపో రెజిన్, అంటే ఆ చర్యని నడిపే ఉత్ప్రేరకం టెంపోని పాలీస్టైరీన్ గింజలకు అంటించిన సరుకు, తెప్పించుకునేవాళ్లకు ఈ హెచ్చరిక. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడల్లో బల్క్ డ్రగ్స్ చేసేవాళ్లు మరీ చూసుకోవాలి. ఈ మధ్య వచ్చిన ఒక డ్రమ్ము సర్టిఫికెట్ మీద లోడింగ్ (రెజిన్‌కి పట్టిన టెంపో) గ్రాముకు 1 మిల్లీమోల్, ఐదు రీసైకిళ్లకూ కన్వర్షన్ (మారిన ఆల్కహాల్ వంతు) 98 శాతం అని రాసుంది. తీరా చూస్తే టెంపోలో చాలా భాగం గింజకు బంధం కట్టలేదు, ఊరికే పీల్చుకుని ఉంది. ఇలాంటి సరుకుతో మొదటి బ్యాచ్ బ్రహ్మాండంగా నడుస్తుంది, కానీ నడిపేది కరిగి బయటికొచ్చిన టెంపో. మూడో బ్యాచ్‌కి చతికిలపడుతుంది.

గ్రాము రెజిన్‌ని 10 మి.లీ. డైక్లోరోమీథేన్‌లో గంటసేపు ఊపి వడకట్టండి. ఫిల్ట్రేట్ నారింజ రంగుకు తిరిగితే సరుకు వెనక్కి పంపండి. రంగు రాకపోతే మూడుసార్లు కడిగి, వాక్యూమ్‌లో ఆరబెట్టి నైట్రోజన్ చూడండి. గింజకీ టెంపోకీ మధ్య ఉండే లింకర్‌లో నైట్రోజన్ లేకపోతే 1 మిల్లీమోల్‌కి 1.4 శాతం రావాలి. అది సరిపోయినా ర్యాడికల్ (టెంపో పనిచేసే రూపం) బతికే ఉందని కాదు, చచ్చిన టెంపోలోనూ నైట్రోజన్ ఉంటుంది.

అసలు మోసం ఆ 98లో ఉంది. 1 మోల్ శాతం టెంపోతో (ఆల్కహాల్ మోల్స్‌లో నూరోవంతు) అయ్యే పనికి 10 శాతం వేసి రాత్రంతా కలిపితే, పదింట తొమ్మిది వంతులు చచ్చినా 98 వస్తుంది! అందుకని ప్రతి రీసైకిల్‌లో 15 నిమిషాల దగ్గర కన్వర్షన్ ఎంతో అడగండి. లీచింగ్ (టెంపో గింజ వదిలి కరిగిపోవడం) తేలాలంటే 0–5 డిగ్రీల దగ్గరే, కన్వర్షన్ 40 శాతం ఉండగా రెజిన్ తీసేసి, మిగిలిన సాల్వెంట్, నీళ్ల పొరలు రెండింటికీ తాజా బ్లీచ్ పోసి, పీహెచ్ 9 దగ్గర ఉంచి గంట కలపండి. పక్కన టెంపో లేని బ్లాంక్ కూడా నడపాలి, తోడుగా వేసే బ్రోమైడ్, బ్లీచ్ రెండే కొంత పని చేయగలవు. బ్లాంక్ కన్నా ఆల్డిహైడ్ ఎక్కువ పెరిగితే టెంపో ద్రావణంలోకి దిగినట్టే.

మంచి రెజిన్‌ని కూడా చేతులారా పాడుచేసుకోవచ్చు. మ్యాగ్నెట్ బార్ గింజల్ని తిరగలిలా నూరేస్తుంది, ఆ పొడి ఫిల్టర్ క్లాత్‌ని మూసేస్తుంది. ఓవర్‌హెడ్ స్టిర్రర్ వాడండి. డైక్లోరోమీథేన్‌లో ఉబ్బిన గింజని ఒక్కసారిగా మిథనాల్‌లో పడేస్తే పగులుతుంది. బ్లీచ్‌ని సల్ఫైట్‌తో చంపకముందు అసిటోన్ జోలికి పోవద్దు, వేడెక్కి క్లోరోఫామ్ తయారవుతుంది.

పర్చేజ్ ఆర్డర్‌లో లోడింగ్, ధర రెండూ కడిగి ఆరబెట్టిన బరువు మీదే అని రాయించండి. తడి రెజిన్ తూకంలో సాల్వెంట్‌కి కూడా డబ్బు కడుతున్నారు.