ఇండియా పేల్ ఏల్‌లో గోధుమ మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్: దీర్ఘకాల వాడకం తరువాత ఒక సమీక్ష

టెక్సస్‌లో డాలస్ శివారులోని మా ఇంట్లో కొన్నేళ్లుగా ఇండియా పేల్ ఏల్ (ఐపీఏ), అంటే హాప్స్ అనే చేదైన, పరిమళించే పూమొగ్గలు దండిగా వేసే బీరు, తయారుచేసుకుంటున్నాను. మాల్ట్‌ను, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యాన్ని, మరపట్టి, మాష్ చేసి (వేడినీటిలో నానబెట్టి పిండిని చక్కెరగా మార్చి), వడకట్టడానికి కావలసిన పెద్ద పాత్రలూ తీరికా లేని నాబోటివారికి, ఆ రసాన్నే పాకంగానో పొడిగానో చిక్కబరచిన మాల్ట్ ఎక్స్‌ట్రాక్టే ఆధారం. లేతరంగు బార్లీ ఎక్స్‌ట్రాక్టుకు తోడుగా గోధుమ మాల్ట్ ఎక్స్‌ట్రాక్టును తక్కువ మోతాదు నుంచి పూర్తి మోతాదు వరకు వాడి చూసిన తరువాత నాకు ఏర్పడిన అభిప్రాయాన్ని ముందే చెబుతాను. ఐపీఏకు ఇది ఇచ్చే అసలైన వరం నురుగు. రుచిలో వచ్చే మార్పు చిన్నది. మొత్తం ఎక్స్‌ట్రాక్టులో సగానికి లోపల ఉన్నంతవరకే ఇది ఐపీఏకు మేలు చేస్తుంది, ఆ పైన బీరు క్రమంగా మరో రకంగా మారిపోతుంది.

అసలు మనం కొంటున్నది ఏమిటో తెలియకపోతే ఈ పాళ్ల లెక్క కుదరదు. సంచి మీద గోధుమ అని రాసి ఉన్నా లోపల ఉన్నది మిశ్రమమే. విస్కాన్సిన్‌కు చెందిన బ్రీస్ సంస్థ బవేరియన్ వీట్ ఎక్స్‌ట్రాక్టులో 65 శాతం గోధుమ మాల్ట్, 35 శాతం బార్లీ మాల్ట్ ఉంటాయి. ఇతర తయారీదారుల పాళ్లు వేరుగా ఉంటాయి కనుక సంచి వెనుక రాసినది చదవడం తప్పనిసరి. ఇలా కలపడానికి మంచి కారణమే ఉంది. గోధుమ గింజకు బార్లీకి ఉన్నట్టు పొట్టు అంటిపెట్టుకుని ఉండదు. వడపోతకు దారి ఇచ్చేది ఆ పొట్టే కాబట్టి, గోధుమ ఎక్కువైన మాష్ జిగురుగా బిగుసుకుపోయి రసాన్ని కిందికి వదలదు. ధాన్యంతో పనిచేసే మిత్రులు అందులో వరి ఊక కలిపి ఆ చిక్కు దాటుతారు. ఎక్స్‌ట్రాక్ట్ వాడేవారికి ఆ శ్రమంతా కర్మాగారంలోనే తీరిపోయి ఉంటుంది, ఇది చిన్న సౌకర్యం కాదు.

నేను చివరకు స్థిరపడిన పాళ్లు ఇవి. 5 గ్యాలన్లకు, అంటే సుమారు 19 లీటర్లకు, 4 పౌండ్ల లేత బార్లీ ఎక్స్‌ట్రాక్ట్ పొడి, 3 పౌండ్ల గోధుమ ఎక్స్‌ట్రాక్ట్ పొడి, రంగు కొలమానంలో 40 లోవిబాండ్ ఉన్న తీపి రకం క్రిస్టల్ మాల్ట్ అర పౌండు నానబెట్టి తీసిన రసం. పులియకముందు రసం సాంద్రతను కొలిస్తే హైడ్రోమీటరు 1.062, 1.064 మధ్య చూపుతుంది. సేఫేల్ యూఎస్-05 ఈస్టుతో 18 నుంచి 19 డిగ్రీల సెల్సియస్ మధ్య పులిసిన తరువాత అది 1.013 దగ్గర ఆగుతుంది, ఆల్కహాలు ఆరున్నర శాతం చుట్టూ ఉంటుంది. సంచిలో 65 శాతమే గోధుమ కనుక, ఆ 3 పౌండ్లలో నికరంగా గోధుమ నుంచి వచ్చినది రెండు పౌండ్లకు కొంచెం తక్కువ. మొత్తం ఎక్స్‌ట్రాక్టులో అది 28 శాతం. ఎవరైనా పూర్తిగా గోధుమ ఎక్స్‌ట్రాక్టుతోనే చేసినా 65 శాతానికి మించదు. వంటకాల పుస్తకాల్లో ధాన్యం లెక్కన ఇచ్చిన గోధుమ శాతాన్ని నేరుగా సంచి బరువుకు అన్వయించుకోకూడదని చెప్పడానికే ఈ లెక్కంతా.

ఇక నురుగు. ఇదే వంటకాన్ని పూర్తిగా బార్లీ ఎక్స్‌ట్రాక్టుతో చేసి, రెండింటినీ ఒకే రకం గ్లాసుల్లో, ఒకే చల్లదనంతో పోసి చాలాసార్లు పోల్చి చూశాను. బార్లీ బీరులో నురుగు బాగానే లేచి, కొద్దిసేపటికే అంచు చుట్టూ సన్నని వలయంగా మిగులుతుంది. గోధుమ కలిసినదానిలో బుడగలు చిన్నవిగా, దట్టంగా ఉండి, తాగుతున్నకొద్దీ గ్లాసు గోడ మీద ఒక్కొక్క గుక్కకూ ఒక్కొక్క తెల్లని చార మిగులుస్తూ అడుగుదాకా నిలుస్తాయి. గోధుమలోని ప్రోటీన్లు బుడగ గోడలకు బలాన్నిస్తాయి. హాప్స్ మరిగినప్పుడు పుట్టే చేదు ఆమ్లాలు ఆ ప్రోటీన్లతో ముడిపడి గోడలను మరింత గట్టిపరుస్తాయి. అందువల్ల చేదు ఎక్కువగా ఉండే ఐపీఏలో గోధుమ చూపే ఫలితం, చేదు తక్కువగా ఉండే బీర్లలోకన్నా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నురుగు కేవలం కంటికింపు కోసం కాదు. సిట్రా, సెంటెనియల్ వంటి హాప్స్ పరిమళం ముక్కుకు చేరేది చాలావరకు పగిలే బుడగలతో కాబట్టి, నురుగు నిలిచినంతసేపూ గ్లాసు పరిమళిస్తూనే ఉంటుంది. అయితే సబ్బు జిడ్డు మిగిలిన గ్లాసులో ఎంత గోధుమ వేసినా నురుగు నిలవదని ఇక్కడే చెప్పాలి. గ్లాసును వేడినీటితో బాగా కడిగి, తుడవకుండా ఆరబెట్టడం మేలు.

హాప్స్ విషయంలో గోధుమ కొంత సర్దుబాటు కోరుతుంది. ఒక ఔన్సు మాగ్నమ్ హాప్స్‌ను గంటసేపు మరిగించి చేదుకు పునాది వేస్తాను. సెంటెనియల్‌ను చివరి పది నిమిషాల్లోను, సిట్రాను పొయ్యి ఆపాకను వేస్తాను. ఆపైన డ్రై హాపింగుకు, అంటే మరిగించకుండా పులిసే బీరులోనే వేయడానికి, రెండూ కలిపి మూడు ఔన్సులు. పై పాళ్లలో గోధుమ ఉన్నప్పుడు చేదు మొనదేలి ఉండక నాలుక మీద కాస్త గుండ్రంగా తోస్తుంది, నాకది ఇష్టమే. కానీ బార్లీని పూర్తిగా తీసేసి గోధుమ సంచులే వాడినప్పుడు మాల్ట్ వెన్నెముక పలచబడి, పచ్చి రొట్టెపిండిని తలపించే ఒక రుచి ముందుకు వచ్చింది. హాప్స్ అదే మోతాదులో ఉన్నా వాటి పదును వెనక్కి తగ్గింది. అది చెడ్డ బీరు కాదు, వేసవి మధ్యాహ్నాలకు ఎంతో బాగుంటుంది కూడా. కాని ఐపీఏ కోరుకుని గ్లాసు పట్టుకున్నవారికి అది ఐపీఏ అనిపించదు. అమెరికా పశ్చిమ తీరపు వెస్ట్ కోస్ట్ శైలిలో తీపి లేకుండా, చురుగ్గా, తేటగా ఉండాలనుకునేవారు గోధుమను ఒక్క పౌండుకు పరిమితం చేయాలని నా సలహా. నురుగుకు ఆ మాత్రం చాలు.

హైదరాబాద్ మైక్రోబ్రూవరీల్లో హెఫెవైజెన్ అనే జర్మన్ గోధుమ బీరు రుచి మరిగిన మిత్రులు గోధుమ పేరు వినగానే అరటిపండు, లవంగం వాసనలను ఊహించుకుంటారు. ఆ వాసనలను పుట్టించేది ప్రధానంగా జర్మన్ గోధుమ బీర్లకు వాడే ప్రత్యేకమైన ఈస్టు. తటస్థంగా ఉండే అమెరికన్ ఏల్ ఈస్టుతో పులియబెడితే గోధుమ ఎంత వేసినా అవి రావు.

పొడి కొనాలా, పాకం కొనాలా అన్న ప్రశ్నకు నా జవాబు పొడే. పాకంలో సుమారు ఐదో వంతు నీరు ఉంటుంది కనుక, ఒక గ్యాలన్ నీటిలో ఒక పౌండు పాకం 36 పాయింట్ల గ్రావిటీ (అంటే 1.036 సాంద్రత) ఇస్తే, అంతే పొడి 44 ఇస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది తాజాదనం. పాకం నిల్వ ఉన్నకొద్దీ రంగు ముదిరి, ఒక మొద్దు తీపి తెచ్చుకుంటుంది. ఒక దుకాణంలో తేదీ లేని డబ్బా కొన్నప్పుడు, లేత బంగారు రంగులో ఉండాల్సిన బీరు రాగి రంగులో తయారైంది. హాప్స్ పరిమళం మీద ఆ తీపి ముసుగు వేసినట్టు కూర్చుంది. గోధుమ పాకం కొనేవారు బార్లీ పాకానికన్నా తక్కువ మంది కాబట్టి, అది అరల మీద ఎక్కువకాలం ఉండిపోయే అవకాశం ఎక్కువ. తేదీ చూడకుండా కొనవద్దు.

పొడికీ తన ఇబ్బందులు ఉన్నాయి. గాలిలోని తేమను ఇట్టే పీల్చుకుంటుంది. సంచి విప్పి పొగలు కక్కే పాత్ర మీద వంచితే ఆవిరి తగిలి మూతి దగ్గరే రాయిలా గడ్డకడుతుంది. నేను పొడిని ముందుగా విడి గిన్నెలో చల్లని నీటితో జారుగా కలిపి, పొయ్యి ఆపి, పాత్రలో పోస్తాను. పొయ్యి ఆపడం మరవకూడదు, లేకపోతే అడుగున చేరి మాడుతుంది. మళ్లీ మరగడం మొదలైన మొదటి పది నిమిషాలు పాత్ర దగ్గరే నిలబడాలి. ప్రోటీన్ ఎక్కువైన గోధుమ వోర్టు (పులియని మాల్ట్ రసం) పాలు పొంగినట్టు ఒక్కసారిగా పొంగి పొయ్యి మీదికి వస్తుంది. హాప్స్ వేసేటప్పుడు మరోసారి పొంగే ప్రమాదం ఉంది. పాత్రలో కనీసం మూడో వంతు ఖాళీ ఉంచుకోవడమే దీనికి మందు.

గోధుమ పొడిని మొత్తంగా మొదట్లోనే వేయక, మరగడం ముగియడానికి పది నిమిషాల ముందు వేస్తున్నాను. ఇంటి పొయ్యి మీద అయిదు గ్యాలన్లూ మరిగించలేక రెండున్నర గ్యాలన్లే మరిగించి తరువాత నీరు కలిపేవారికి ఇది మరీ అవసరం. చిక్కటి వోర్టు త్వరగా రంగెక్కుతుంది, హాప్స్ నుంచి చేదును తక్కువగా తీసుకుంటుంది. ఎక్స్‌ట్రాక్ట్ కర్మాగారంలో ఒకసారి ఉడికే వచ్చింది కాబట్టి పది నిమిషాల మరుగు దానికి సరిపోతుంది.

న్యూ ఇంగ్లండ్ శైలిలోని పళ్లరసం లాంటి మసక కోసం మాత్రమే దీన్ని కొనేవారు నిరాశపడతారు. బీరు కొంత మసకగా ఉంటుంది, ఫ్రిజ్‌లో మరింత మసకబారుతుంది, కాని గ్లాసులో వేడెక్కే కొద్దీ ఆ మసక చాలావరకు విడిపోతుంది. ఆ శైలికి ఓట్స్, పచ్చి గోధుమ అటుకులు కావాలి. వాటిలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైములు ఎక్స్‌ట్రాక్టులో మిగిలి ఉండవు కనుక, వాటిని ఎంజైములున్న బేస్ మాల్టుతో కలిపి చిన్న మాష్ అయినా చేయక తప్పదు.

నీటి గురించి ఒక మాట. ఎక్స్‌ట్రాక్టులో దాన్ని తయారుచేసిన చోటి నీటి లవణాలు అప్పటికే ఉంటాయి కాబట్టి లవణాలు తక్కువగా ఉన్న ఆర్‌ఓ నీరు వాడి, జిప్సం మాత్రం ఒక టీస్పూను కలుపుతున్నాను. కుళాయి నీరే వాడేవారు 20 గ్యాలన్లకు ఒకటి చొప్పున క్యాంప్‌డెన్ మాత్ర వేసి, నీటి శుద్ధికి కలిపే క్లోరమీన్‌ను తొలగించుకోవాలి.

గోధుమ, బార్లీ రెండింటిలోనూ గ్లూటెన్ ఉంటుంది కనుక గ్లూటెన్ పడని సీలియాక్ వ్యాధి ఉన్నవారికి ఈ బీరు ఇవ్వకూడదు. అమెరికా ఫెడరల్ చట్టం ఇంట్లో ఇద్దరు పెద్దలుంటే ఏడాదికి 200 గ్యాలన్లు, ఒక్కరే ఉంటే 100 గ్యాలన్లు సొంత వాడకానికి తయారుచేసుకోనిస్తుంది, అమ్మడానికి మాత్రం వీల్లేదు. మన తెలుగు రాష్ట్రాల్లో ఎక్సైజ్ లైసెన్సు లేకుండా బీరు తయారుచేయడం నేరం కాబట్టి అక్కడి పాఠకులు దీన్ని చదివి ఊరుకోవాలి.

విప్పిన సంచిలో మిగిలిన పొడిని గాలి చొరని డబ్బాలో మూసి, ఎండ తగలని చోట పెడితే నెలల తరబడి బాగుంటుంది. తయారైన బీరులో నురుగు ఆరు నెలల తరువాత కూడా మొదటి వారంలో ఉన్నట్టే ఉంటుంది గాని, సీసాల్లో హాప్స్ పరిమళం రెండు నెలలకే సన్నగిల్లుతుంది. అందుకే ఒకసారికి రెండున్నర గ్యాలన్లకు మించి చేయని నెలల్లో పై కొలతలన్నిటినీ సగానికి తగ్గించుకుని, ఆ మిగిలిన సంచిని తరువాతి విడతకు ఉంచుకుంటున్నాను.