కాలేజ్ బాస్కెట్‌బాల్ టాప్ 25 పోల్: నవంబర్‌లో ఎంతవరకు నమ్మొచ్చు?

సికింద్రాబాద్‌లో సాయంత్రాలు మేం ఆడే బ్యాచ్‌లో సగం మందికి అన్నో అక్కో అమెరికాలో చదువుతున్నారు, అందుకే నవంబర్ వచ్చిందంటే సోమవారం రాత్రి పదిన్నరకి కొత్త ర్యాంకులు వచ్చాయా అని గ్రూపులో ఒకటే గోల. అమెరికా వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ ప్రతి వారం కాలేజ్ టీమ్‌లకి ఇచ్చే టాప్ 25 పోల్ గురించే చెప్తున్నా. అరవై మంది దాకా స్పోర్ట్స్ జర్నలిస్టులు ఓటేస్తారు, ఫస్ట్‌కి 25 పాయింట్లు, ఇరవై అయిదో ప్లేస్‌కి 1, అంతే లెక్క. ఫ్రీ, పైగా ఏ ఓటరు ఎవరికి ఏ ప్లేస్ ఇచ్చాడో కూడా చూసుకోవచ్చు, ఇది నాకు బాగా నచ్చిన విషయం.

ప్రాబ్లమ్ ఏంటంటే మొదటి లిస్ట్ ఒక్క మ్యాచ్ కూడా పడకముందే వచ్చేస్తుంది. అప్పుడు ఓటర్ల దగ్గర ఉండేది పోయిన మార్చిలో జరిగిన ఛాంపియన్‌షిప్ నాకౌట్ టోర్నమెంట్ జ్ఞాపకం, కాలేజీ పేరు, టీమ్‌లో ఏ ఆటగాళ్ళు మిగిలారు ఎవరు వెళ్ళారు అన్న లెక్క. నార్త్ కరోలినానే తీస్కోండి, 2022లో ఆ టోర్నమెంట్‌కి ఎనిమిదో సీడ్‌గా (అంటే తన గ్రూపులో ఎనిమిదో ర్యాంకుతో) వచ్చి ఫైనల్ దాకా వెళ్ళి కాన్సస్ చేతిలో 72-69తో ఓడింది, ఆ టీమ్ స్టార్టర్లలో (మ్యాచ్ మొదలుపెట్టే ఐదుగురిలో) నలుగురు తిరిగొచ్చారు కాబట్టి తర్వాతి సీజన్‌కి నేరుగా నంబర్ 1 ఇచ్చేశారు. మార్చిలో మూడు వారాలు బాగా ఆడినదానికి అంతకుముందు నాలుగు నెలలు తడబడింది మర్చిపోతే ఎలా? ఆ నవంబర్‌లో పోర్ట్‌లాండ్ టోర్నీలో అయోవా స్టేట్ చేతిలో, తర్వాత నాలుగు ఓవర్‌టైమ్‌లు ఆడి అలబామా చేతిలో ఓడిపోయింది. అదే టోర్నీలో అవే రెండు టీమ్‌లని కనెక్టికట్ చిత్తుగా కొట్టింది, సీజన్ ముందు లిస్ట్‌లో దానికి అసలు చోటే లేదు! చివరికి కనెక్టికట్ ఛాంపియన్ అయింది, నార్త్ కరోలినాకి మార్చి టోర్నమెంట్‌లో ఎంట్రీ కూడా దొరకలేదు.

ఇంకోటి, పైనున్న టీమ్ సొంత కోర్టులో వీక్ టీమ్‌ల మీద గెలుస్తూ పోతే ర్యాంకు కదలదు, కిందున్న టీమ్ బయటికెళ్ళి గట్టి టీమ్‌తో రెండు పాయింట్ల తేడాతో ఓడినా కిందికి తోసేస్తారు, ఈ పద్ధతి నాకు అస్సలు నచ్చదు. ఇలాగైతే చిన్న కాలేజీలు పైకి రావడానికి వారాలకి వారాలు పడుతుంది.

అలాగని పోల్ మారదని కాదు, అలబామా మ్యాచ్ అయ్యాక నార్త్ కరోలినా 1 నుంచి 18కి పడింది, తర్వాతి వారం లిస్ట్‌లోనే లేదు. అదే ఏడాది పర్డ్యూ సీజన్ ముందు లిస్ట్‌లో లేకుండా డిసెంబర్‌కల్లా నంబర్ 1 అయింది. కెన్‌పామ్ (ఓట్లు లేకుండా గణాంకాలతో ర్యాంకులిచ్చే వెబ్‌సైట్) కూడా మొదట్లో పాత అంచనాలే వాడుతుంది గానీ మ్యాచ్‌లు పడేకొద్దీ వాటి బరువు తగ్గించేస్తుంది. కాలేజ్ క్రీడలు నడిపే సంస్థ ఎన్‌సీఏఏ వాళ్ళు మ్యాచ్ ఫలితాల లెక్కతో ఇచ్చే నెట్ (NET) ర్యాంకింగ్ అయితే డిసెంబర్ దాకా బయటికే రాదు, ఆ ఓపిక నాకు నచ్చింది.

నవంబర్ పోల్‌కి నేనిచ్చేది 5కి 2, జనవరి నుంచి 4. కొత్తగా చూసేవాళ్ళు ర్యాంకు పక్కన పెట్టి, నవంబర్ చివర్లో థాంక్స్‌గివింగ్ వారంలో తటస్థ కోర్టుల్లో జరిగే టోర్నీలు చూడండి, తెల్లవారుజామున లేవాల్సొచ్చినా సరే.