ఇందిరానగర్‌లో ఒక చేదు సాయంత్రం

బెంగళూరులో బామ్మర్దితో కలిసి బీరు రుచి చూద్దామని కర్నూలులో పొద్దున్నే వందే భారత్ ఎక్కి, మధ్యాహ్నానికి యశ్వంత్‌పూర్‌లో దిగాను. ఆటో బేరాలు ఆడే ఓపిక లేక మెట్రో ఎక్కేశాను. గ్రీన్ లైన్‌లో మెజెస్టిక్ దాకా వెళ్లి, అక్కడ పర్పుల్ లైన్‌కి మారితే ఇందిరానగర్. శనివారం బెంగళూరు రోడ్ల మీద ఇంతకన్నా సుఖమైన దారి నాకు కనబడలేదు.

హోటల్ విషయంలో మాత్రం దెబ్బతిన్నాను. హండ్రెడ్ ఫీట్ రోడ్డు పక్కనే గది కదా అని మురిసిపోయి బుక్ చేశాను. అర్ధరాత్రి దాటాక కూడా పాటల దరువుకి కిటికీ అద్దం అదురుతూనే ఉంది. దుప్పట్లు శుభ్రం, వేడినీళ్లు వచ్చాయి, నిద్రే రాలేదు. వెనకవైపు గది అడగండి, లేదంటే కాస్త అవతల దొమ్మలూరులో దిగండి.

2010 నుంచి ఉన్న టాయిట్ అనే బ్రూపబ్‌కే, అంటే బీరు అక్కడే కాచి అక్కడే పోసే చోటికే, పోదామని నా ఆలోచన. "శనివారం అక్కడ టేబుల్ దొరకాలంటే రాసిపెట్టి ఉండాలి బావా" అని మా బామ్మర్ది ఇంకో చిన్న బ్రూపబ్‌కి తీసుకెళ్లాడు. అద్దాల వెనక స్టీలు ట్యాంకులు, ముందు చెక్క బల్లలు. రుచి చూడ్డానికి చిన్న గ్లాసుల్లో నాలుగు రకాలు తెచ్చిపెట్టారు. గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసన. ఎవరికైనా నచ్చుతుంది, అంతకుమించి చెప్పడానికేం లేదు.

నేను ఆగిపోయింది పేల్ ఏల్ అనే లేత రంగు చేదు బీరు దగ్గర. మొదటి గుక్కలో చల్లదనం, చేదు తప్ప ఏమీ తెలియలేదు. పక్కన పెట్టి పది నిమిషాలు కబుర్లలో పడ్డాం. చల్లదనం కొంచెం తగ్గాక గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చానో లేదో, దబ్బకాయ తొక్కను గోటితో గిల్లినట్టు గుప్పున వాసన! నాలుక మీద ముందు సన్నగా బెల్లప్పాకం లాంటి మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) తీపి, ఆ వెనకాలే చేదు. పంపరపనస తొన మీది తెల్ల పొర నమిలితే గొంతులో మిగిలే చేదు అది.

ఏ హాప్స్ వేశారని అడిగితే కాస్కేడ్ అన్నాడు బీరు పోసే కుర్రాడు. హాప్స్ అంటే ఓ తీగకు పూసే ఆకుపచ్చ పువ్వులు. కాస్కేడ్ 1972లో అమెరికాలో విడుదలైన రకం. 1980లో కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా అనే బీరు కంపెనీ వాళ్లు పేల్ ఏల్‌లో దాన్ని దండిగా వాడాక ఈ వాసనకు జనం అలవాటు పడ్డారు. బీరు కాచేటప్పుడు మరుగు మొదట్లో వేసిన హాప్స్ చేదునిస్తాయి, దించే ముందు వేసినవి వాసననిస్తాయి. మన పోపులో ఇంగువ ఎప్పుడు వేయాలో తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆ వాసన నిలవ ఉంటే పోతుంది కాబట్టి, ట్యాంకు నింపి ఎన్నాళ్లయిందో కూడా అడిగాను. విసుక్కోకుండా వెళ్లి కనుక్కొచ్చి చెప్పాడు. ఆ ఊళ్లో నాకు దొరికిన మంచి సర్వీసు అదే.

తప్పు మాది ఒకటుంది. కర్నూలు నాలుక కదా, చిల్లీ చికెన్ చెప్పాం. హాప్స్ చేదు తగిలేసరికి ఆ కారం రెండింతలైంది, బీరు రుచీ పోయింది. వేయించిన పల్లీలు తెప్పించుకున్నాక గానీ కుదుటపడలేదు. బామ్మర్ది నా గ్లాసులో ఒక్క గుక్క తాగి, "మా అమ్మ కషాయమే నయం బావా" అని తన గోధుమ బీరుకు వెళ్లిపోయాడు.

బిల్లులో సర్వీస్ చార్జీ చేర్చారు. అడక్కుండా అది వేయకూడదని 2022లోనే వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెప్పింది. మెల్లగా అడిగితే మేనేజరు మారుమాట్లాడకుండా తీసేశాడు. మిగిలిన ఆ డబ్బుతో ఇంకో చిన్న గ్లాసు పేల్ ఏల్ చెప్పాను, ఈసారి మరీ చల్లగా వద్దని.