బ్రిటన్ మూడు శిఖరాల యాత్ర: గైడు సంస్థ సేవలపై సమీక్ష

ధర్మకార్యాలకు విరాళాలు పోగుచేయడానికి బ్రిటన్‌లో చాలామంది ఎంచుకునే ‘నేషనల్ త్రీ పీక్స్ ఛాలెంజ్’ను లండన్‌లోని మా తెలుగు మిత్రబృందం గత వేసవిలో ఒక గైడు సంస్థ ద్వారా పూర్తిచేసింది. స్కాట్లాండ్‌లోని బెన్ నెవిస్ (1345 మీటర్లు), ఇంగ్లండ్‌లోని స్కాఫెల్ పైక్ (978), వేల్స్‌లోని స్నోడన్ (1085) శిఖరాలను ప్రయాణంతో సహా 24 గంటల్లో ఎక్కి దిగాలి. నడక సుమారు 37 కిలోమీటర్లే అయినా రోడ్డు ప్రయాణం 740 కిలోమీటర్ల దాకా ఉంటుంది కనుక, ఇలాంటి సంస్థ పనితనాన్ని కొండ మీద కంటే ముందు వ్యానులో చూడాలి.

ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు. కొండ ఎక్కే పని లేని ఇద్దరు డ్రైవర్లు వంతులవారీగా నడిపారు. సొంతంగా వెళ్లే బృందాల్లో బెన్ నెవిస్ దిగివచ్చిన మనిషే రాత్రంతా స్టీరింగు పట్టుకోవడం మామూలే. ఆ ప్రమాదం తప్పినందుకే సంస్థ తీసుకున్న రుసుము గిట్టుబాటైందని నా అభిప్రాయం.

స్కాఫెల్ పైక్ వంతు రాత్రిపూట వచ్చింది. కొండ అడుగున ఉన్న వాస్‌డేల్ హెడ్ చేరే ముందే, లోయలో ఊరివాళ్లు నిద్రపోతుంటారని, వ్యాను తలుపులు చప్పుడు కాకుండా వేయమని గైడు హెచ్చరించారు. లింగ్‌మెల్ గిల్ వాగు దగ్గర ఆయన మోకాలిలోతు నీళ్లలో నిలబడి, అడుగు వేయాల్సిన ప్రతి రాయి మీదా టార్చి వెలుగు నిలిపి, అందరినీ పేరుపేరునా పిలిచి దాటించారు. భోజనం గురించి చెప్పకపోవడమే మేలు. చల్లారిన పాస్తా డబ్బాలు అలాగే మిగిలాయి, మేము కట్టుకెళ్లిన పులిహోర మాత్రం తెల్లవారేసరికి ఖాళీ.

అసలు లోపం డబ్బు లెక్కల్లో ఉంది. యాత్ర ఖర్చును విరాళాల నుంచి మినహాయించుకోవచ్చని సంస్థ ప్రణాళిక పుస్తకంలో రాశారు గానీ, ఆ సంగతి దాతలకు ముందుగా తెలియజేయాలని ఎక్కడా రాయలేదు. ఇరవై పౌండ్లు ఇచ్చిన మనిషి అది వ్యాను డీజిలుకు పోతుందని అనుకోడు కదా! మేము రుసుము సొంతంగా కట్టుకుని విరాళాలు మొత్తం సేవాసంస్థకే పంపాము. బ్రిటన్‌లో పన్ను కట్టే దాత ‘గిఫ్ట్ ఎయిడ్’ అనే పన్ను రాయితీ పథకానికి అంగీకరిస్తే ప్రతి పౌండుకు మరో 25 పెన్నీలు సేవాసంస్థకు దక్కుతాయి, ఇంత ముఖ్యమైన విషయం కూడా ఆ పుస్తకంలో లేదు.

వెనకబడినవారిని ఏ సమయానికి వెనక్కి పంపుతారో బయలుదేరిన ఉదయం దాకా చెప్పకపోవడం మరో లోపం. స్కాఫెల్ సగంలో ఆగిపోవాల్సి వచ్చిన మా మిత్రురాలికి ఆ గడువు ముందే తెలిసివుంటే, తన దాతలకు మూడు కొండలని మాట ఇచ్చేది కాదు. కొత్తవారికి నేను యార్క్‌షైర్ మూడు శిఖరాలనే సూచిస్తాను: పెన్-ఇ-గెంట్, వెర్న్‌సైడ్, ఇంగిల్‌బరో కలిపి సుమారు 39 కిలోమీటర్ల చుట్టు, 12 గంటల గడువు, మధ్యలో వ్యాను ఎక్కే పనే లేదు. ఈ సంస్థ అక్కడికీ తీసుకెళ్తుంది. వెనక్కి పంపే గడువు, రుసుము వివరాలు రాతపూర్వకంగా తీసుకున్నాకే అడ్వాన్సు కట్టండి.